తుమ్మితే లింగమూర్తి ఊరుకోడు

లింగమూర్తి ఎదుట ఎవరూ తుమ్మకూడదు. తుమ్మితే ఆయన ఊరుకోడు. చిరంజీవ అనడం, మాస్కు పైకి లాక్కుని పక్కకు తప్పుకోవడం లాంటి మర్యాదలేవీ ఆయనకు తెలియవు. తుమ్మిన మనిషిని అక్కడికక్కడ నిలబెట్టి ఎందుకు తుమ్మావో చెప్పమంటాడు. తెలియదంటే ఇంకా కోపం. తుమ్ము ఊరికే రాదనీ, దాని వెనక ఒక నేరం ఉంటుందనీ, ఆ నేరం చేసిన దొంగను పట్టుకునేదాకా ఎవరూ కదలకూడదనీ ఆయన సిద్ధాంతం.

ఇదంతా గొంతు తగ్గించి చేస్తే విజయరాణికి పెద్ద అభ్యంతరం ఉండేది కాదు. కానీ ఆయనది ఏళ్ళ తరబడి మరమగ్గాల మధ్య పెరిగిన గొంతు. సూరత్ ఊళ్ళో ఉధ్నా అనే పేటలోని ఆ మూడంతస్తుల బిల్డింగులో, మొదటి అంతస్తు గ్యాలరీలో నిలబడి ఆయన మామూలుగా మాట్లాడితేనే, రోడ్డు మీద పోయే ఆటోవాడు తననే పిలిచారనుకుని బండి ఆపుతాడు. ఇక కోపంగా మాట్లాడితే ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు.

ఆయన చేసే పని కూడా అలాంటిదే. ఒకప్పుడు మగ్గం నడిపేవాడు. ఇప్పుడు అదే షెడ్డులో తాకాలు చూసే మాస్టరు. తాకా అంటే మగ్గం మీంచి దిగిన బట్ట చుట్ట. దాన్ని వెలుతురున్న గాజుబల్ల మీద పరిచి, తెగిన పోగు, జారిన పోగు, నూనె మరక ఎక్కడుందో వెతికి, చాక్‌పీసుతో సున్నా చుట్టి, అది ఏ మగ్గం తప్పో, ఆ మగ్గం ఎవడిదో తేల్చి, వాడిని పిలిచి తిట్టాలి. జీతమిచ్చి మరీ తిట్టించే ఉద్యోగం ఎందరికి దొరుకుతుంది? అలాంటి మనిషి ఇంటికొచ్చి నోరు కట్టుకుని కూర్చుంటాడా?

విజయరాణిది ఆయన పక్క గదే. ఆమె భర్త దగ్గర్లోని కిమ్ అనే ఊళ్ళో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తూ ఆదివారాలకు మాత్రం వస్తాడు. ఆమె ఇంట్లోనే వండి, మగ్గాల షెడ్లలో పనిచేసే తెలుగువాళ్ళకు డబ్బాలు పంపుతుంది. అన్నం, కూర, పచ్చిపులుసు. జగిత్యాల, కోరుట్ల వైపు నుంచి వచ్చిన మగవాళ్ళు ఆ పచ్చిపులుసు కోసం ప్రాణం పెడతారని ఆమె నమ్మకం. సాంబయ్య అనే అతను పొద్దున వచ్చి డబ్బాలన్నీ సైకిలు మీద పట్టుకుపోతాడు. ఇల్లు నడిచేది ఆ డబ్బాల మీదే.

దేవుడు ఆమెకు వంటచేయి ఇచ్చి, పక్కనే ఆ ముక్కునూ పెట్టాడు. దీపావళి దాటి చలి దిగిందంటే చాలు, తుమ్ములు మొదలు. ఒకటి వస్తే ఆగదు. కళ్ళు ఎర్రబడి, ముక్కు కారి, మళ్ళీ ఎండలు ముదిరేదాకా అదే వరస. కరోనా రాకముందు అది ఆమె సొంత గొడవ. వచ్చాక ఊరందరిదీ అయింది. ఆ ఎండాకాలమే పక్క సందులో దగ్గుతున్న ఒక మనిషి పరుపు, బిందె, బకెట్టు తెచ్చి వీధిలో పెట్టి పొమ్మన్నారు. ఆయనకు వచ్చింది మామూలు దగ్గేనని తర్వాత తెలిసింది. తెలిసి ఏం లాభం? గది మరొకరికి ఇచ్చేశారు. ఇది అన్యాయం కాదా అని అడిగినవాడు లేడు. అడిగితే తన బకెట్టూ వీధిలోకి వస్తుందని అందరికీ భయం.

ఆ ఏడు దీపావళి దాటగానే విజయరాణి మొదటి తుమ్ము తుమ్మింది. వెంటనే వెళ్ళి పరీక్ష చేయించుకుంది. కరోనా లేదన్నారు. ఉధ్నాలోనే క్లినిక్ పెట్టిన తెలుగు డాక్టరమ్మ హిమశ్రీ చూసి, ఇది దుమ్ము పడకపోవడమనీ, కొందరికి ఈ కాలంలో ఇలాగే అవుతుందనీ చెప్పింది. మాత్రలిచ్చి, ఇల్లు తడిబట్టతో తుడవమని, కిటికీ మూసుకోమని, వీలైతే గాలిని వడపోసే మిషను ఒకటి, గది కొలతకు తగ్గది కొనమని సలహా ఇచ్చింది. విజయరాణి గుండె కుదుటపడింది. ఇంటికి వచ్చేసరికి గుమ్మం దగ్గర సాంబయ్య నిలబడి ఉన్నాడు.

"అక్కా, నువ్వు తుమ్ముతున్నవని షెడ్ల ఎవలో అన్నరు," అన్నాడు అతను, చాలా ఇబ్బందిగా. "నాకేం లేదు గని, పోరగాండ్లు భయపడ్తున్నరు. గిట్లనే ఉంటే డబ్బాలు బందు పెడ్తమంటున్నరు. జర జూసుకో."

పరీక్షలో లేదని తేలిందని ఆమె చెప్పింది. సాంబయ్య తలూపాడు. ఆ తలూపడంలో నమ్మకం లేదు. ఆ రోజుల్లో పరీక్షను ఎవరు నమ్మారు కనక.

అప్పటినుంచి ఆమె తుమ్మును దాచడం మొదలుపెట్టింది. చీర కొంగులో తుమ్మింది. దుప్పటి కప్పుకుని తుమ్మింది. ఆఖరికి కుక్కరు కూత వేసే సమయం చూసుకుని, ఆ చప్పుడులో కలిపి తుమ్మడం సాధన చేసింది. అందులో మంచి నేర్పు వచ్చింది కూడా. ఒకరోజు గ్యాసు అయిపోయి కుక్కరు కూత రాలేదు. తుమ్ము మాత్రం వచ్చింది.

"ఎవలు తుమ్మింది?" అని గ్యాలరీలోంచి కేక.

ఆమె ఊపిరి బిగబట్టింది. లాభం లేకపోయింది. లింగమూర్తి గుమ్మానికి ఎదురుగా, దూరంగానే, మాస్కు కట్టుకుని నిలబడ్డాడు.

"నువ్వేనా బిడ్డా? ఎందుకు తుమ్మినవ్?"

"ఊకెనే వచ్చింది కాకా," అంది ఆమె లోగొంతుకతో.

"ఊకెనే ఎట్లొస్తది? ఊకెనే పోగు తెగుతదా? మగ్గం ఖరాబైతేనే తెగుతది. ఆ అటక మీద చెయ్యి పెట్టి రాయి. ఆ చెయ్యి నాకు జూపియ్యి."

ఆమె రాసింది. చేయి నల్లగా వచ్చింది. చుట్టూ మగ్గాలు, రంగుల మిల్లులు, రైలు పట్టాలు ఉన్న ఉధ్నాలో ఏ అటక మీద చేయి పెట్టినా అలాగే వస్తుంది. కానీ లింగమూర్తి నేరస్థుణ్ణి పట్టుకున్నట్టు వెనక్కి తిరిగి, గ్యాలరీ పిట్టగోడ మీద చేతులు వేసి, బిల్డింగు మొత్తానికి తీర్పు చదివాడు.

"దుమ్ము. జరం లేదు, గిరం లేదు. విజయరాణి ఇంట్ల అటక నిండా దుమ్మున్నది, అందుకే తుమ్ముతాంది." ఎవరికైనా అర్థం కాలేదేమోనని మళ్ళీ హిందీలో చెప్పాడు. కింద దుకాణం గుజరాతీవాళ్ళ కోసం వచ్చీరాని గుజరాతీలోనూ చెప్పాడు.

విజయరాణికి తల కొట్టేసినంత పనైంది. వండిపెట్టి బతికే ఆడదాని ఇల్లు దుమ్ముకొట్టుకుపోయిందని మూడు భాషల్లో చాటింపు వేస్తాడా? ఆయన ఇంట్లో అటక అద్దంలా మెరుస్తోందా? ఆ రోజంతా ఆమె గిన్నెలన్నీ చప్పుడయ్యేలా తోమింది. ఆదివారం భర్త వస్తే చెప్పుకుని ఏడ్చింది. అతను నవ్వాడు. ఆ నవ్వుకు అతనికి పచ్చిపులుసు పోయలేదు.

అది మొదలు. ఆమె తుమ్మడమే తడవు, లింగమూర్తి గ్యాలరీలోకి రావడం, విచారణ జరపడం, దుమ్ము ఎక్కడినుంచి వచ్చిందో ప్రకటించడం. ఒకరోజు అది తివాచీ. ఒకరోజు పాత పరుపు. ఒకరోజు పైగది వాళ్ళు దులిపిన దుప్పటి. పైగదిలోని ఒడియా కోడలు పద్మిని చేసిన నేరం అది. లింగమూర్తి మెట్ల మీద నిలబడి ఆమెను అరగంట తిట్టాడు. పద్మిని తిరిగి తిట్టింది. ఇద్దరూ హిందీలో అలిసిపోయాక ఎవరి భాషలో వాళ్ళు తిట్టుకున్నారు. మధ్యలో విజయరాణి తుమ్ము గురించి ఉధ్నా అంతటికీ తెలిసిపోయింది. ఆమె వెళ్ళి ఆయన భార్య వజ్రమ్మ దగ్గర మొర పెట్టుకుంది. వజ్రమ్మ బీడీ ఆకులా పొడిగా ఉండే మనిషి, మాట తక్కువ. "ఆయన గంతే బిడ్డా," అని ఊరుకుంది.

ఇంతలో డాక్టరమ్మ మిషను కొనమన్న సంగతి లింగమూర్తి చెవిన పడింది. గాలిని వడపోసే మిషనా, చాయ్ వడగట్టినట్టా, గాలిని కూడా అమ్ముకు తింటున్నారా అని ఆయన మండిపడ్డాడు. మండిపడి, ఎవరూ పిలవకుండానే, కొనడానికి తానూ బయలుదేరాడు. అందులో వడపోసే బట్ట ఉంటుందని విన్నాడు మరి; బట్ట ఉన్న వస్తువును తాను చూడకుండా కొనడం ఆయన దృష్టిలో ఆత్మహత్యతో సమానం.

మొదటి దుకాణంలో ఊదారంగు దీపం వెలిగే మిషను చూపించారు. సువాసన కూడా వస్తుందన్నారు. లింగమూర్తి ముక్కు పెట్టి వాసన చూసి, దీనికన్నా అగరుబత్తి చవక అని బయటికి వచ్చేశాడు. డాక్టరమ్మ కూడా సువాసనలు వద్దనే చెప్పింది కాబట్టి విజయరాణి ఏమీ అనలేకపోయింది. రింగ్ రోడ్డులోని రెండో దుకాణంలో గది ఎంత పెద్దదని అడిగారు. ఆయన మూరల్లో చెప్పాడు. సేల్స్‌మన్‌కు మూర అంటే తెలియలేదు. మూర తెలియనివాడు సూరత్‌లో దుకాణం ఎలా పెట్టాడని లింగమూర్తి నిలదీశాడు. ఆఖరికి మోచేత్తో ఆ దుకాణమే కొలిచి, మా బిడ్డ గది ఇందులో ఇదిగో ఇక్కడిదాకా వస్తుందని గీత గీసి చూపించాడు. గీయడానికి చాక్‌పీసు ఆయన జేబులో ఎప్పుడూ ఉంటుంది.

తర్వాత లోపలి ఫిల్టరు బయటికి తీయించాడు. తెల్లగా, మడతలు మడతలుగా ఉంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపాడు. వెలుతురుకు ఎత్తి చూశాడు. ఆయన ముఖం మారిపోయింది.

"ఇది నేసింది కాదు. పడుగు లేదు, పేక లేదు. పీచు తెచ్చి అతికిచ్చిండ్రు. నేయని బట్టల దుమ్మెట్ల ఆగుతది?"

నేయకపోవడమే దాని గొప్పతనమనీ, పీచు అడ్డదిడ్డంగా ఉంటేనే సన్నని దుమ్ము చిక్కుకుంటుందనీ సేల్స్‌మన్ ఎంతో ఓపికగా చెప్పాడు. నేతగాడికి చెప్పకూడని మాట అది. లింగమూర్తి మాట్లాడకుండా అంచు నుంచి ఒక పీచు లాగి, జేబులోంచి అగ్గిపెట్టె తీసి గీశాడు. నూలైతే కాగితం కాలిన వాసన వస్తుంది, పాలిస్టరైతే ముద్ద కడుతుంది, ఇది ఏమవుతుందో చూద్దామని ఆయన ఉద్దేశం. బల్ల మీద శానిటైజరు సీసా మూత తీసి ఉంది. సేల్స్‌మన్ ఆ సీసాను ఎత్తుకుని వీధిలోకి పరిగెత్తాడు. పీచు ముద్ద కట్టింది. ఇది మా షెడ్డులో చెత్తబుట్టలో పడే సరుకేనని లింగమూర్తి తేల్చాడు. విజయరాణి దుకాణదారుకు చేతులెత్తి దండం పెట్టి, ఆ మిషనే కొని బయటపడింది.

దాన్ని ఆటోలో తెస్తే సరిపోయేది. వీధి మొదట్లోనే లింగమూర్తి ఆటో ఆపించి, పెట్టె నెత్తిన పెట్టుకున్నాడు. అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ ఆగి చెప్పాడు. ఇది విజయరాణి దుమ్ము మిషను, విజయరాణికి దుమ్ము పడదు, డాక్టరమ్మ చెప్పింది. పెళ్ళికూతురు సారె కూడా అంత ఊరేగింపుగా రాదు. వెనక నడుస్తున్న విజయరాణి భూమి చీలితే బాగుండుననుకుంది.

మిషను మాత్రం మంచిదే. రెండు వారాల్లో తుమ్ములు సగానికి తగ్గాయి. ఆమె రాత్రిళ్ళు నిద్రపోయింది. ఒకరోజు ఆమె కూరగాయలకు వెళుతూ, మిషను మీద దుమ్ము ఎక్కువైందని చెప్పే ఎర్రదీపం వెలిగితే చూడమని తాళంచెవి వజ్రమ్మకు ఇచ్చి పోయింది. తిరిగి వచ్చేసరికి మిషను డొక్క ఖాళీగా ఉంది. డాబా మీదికి పరిగెత్తింది. అక్కడ తీగ మీద, లింగమూర్తి లుంగీకీ తువ్వాలుకూ మధ్య, ఆమె ఫిల్టరు ఆరేసి ఉంది. మడతలన్నీ విడిపోయి, నీళ్ళు కారుతూ, తన్నులు తిన్న కోడిలా వేలాడుతోంది.

"కొత్త బట్టకు గంజి ఉంటది బిడ్డా," అన్నాడు లింగమూర్తి ఎంతో సంతృప్తిగా. "ఎంత పెళుసుగ ఉండె. గంజి పోతేనే గాలాడుతది. రెండుసార్లు నానేసి బండకు కొట్టిన."

ఆ రోజు విజయరాణి గొంతు మొదటిసారి గ్యాలరీ దాటింది. నీళ్ళు తగలకూడదని పెట్టె మీద బొమ్మ వేసి మరీ ఉంటే కళ్ళు కనిపించలేదా అని అడిగింది. నా తుమ్ము మీద నీకెందుకింత పగ అని అడిగింది. ఇన్నాళ్ళు దాచుకున్నదంతా కక్కేసింది. లింగమూర్తి తడిసిన ఫిల్టరును తీగ మీంచి తీసి, చంకలో పెట్టుకుని మెట్లు దిగిపోయాడు. మర్నాడు కొత్త ఫిల్టరు తెచ్చి గుమ్మంలో పెట్టి, నీళ్ళకు ఆగని బట్టను అమ్మే కంపెనీవాళ్ళు దొంగలని గట్టిగా చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాతైనా తగ్గాడా? పొద్దున పూట ఇంకా తుమ్ములు వస్తున్నాయంటే ఎక్కడో గాలి జొరబడుతోందని, అగరుబత్తి వెలిగించి కిటికీ చుట్టూ తిప్పించాడు. ఎడమ మూల దగ్గర పొగ వంగింది. కిటికీ చట్రం గోడను వదిలేసింది. అక్కడ చాక్‌పీసుతో పెద్ద సున్నా చుట్టి, ఇంటి యజమాని జయంతీభాయ్‌కి ఫోను చేసి, గ్యాలరీలో నడుస్తూ తిట్టాడు. మర్నాడూ చేశాడు. జయంతీభాయ్ ఎత్తకపోతే, ఎత్తినట్టే తిట్టాడు. ఎడమ మూల సంగతి బిల్డింగులో పసిపిల్లలకు కూడా కంఠతా వచ్చేసింది.

ఇంత అల్లరి జరిగినా సాంబయ్య డబ్బాలు ఒక్కటీ తగ్గలేదు. అదంతా పచ్చిపులుసు మహిమ అని విజయరాణి గర్వపడింది.

మళ్ళీ ఎండలు మొదలయ్యేసరికి కరోనా రెండోసారి విరుచుకుపడింది. ఈసారి భయం మొదటిసారిలా లేదు. అంబులెన్సుల కూతలు ఆగడం లేదు. జయంతీభాయ్ తన బిల్డింగులన్నీ తిరుగుతున్నాడనీ, దగ్గు, తుమ్ము ఉన్నవాళ్ళను గదులు ఖాళీ చేయమంటున్నాడనీ కబురు వచ్చింది. విజయరాణి మళ్ళీ పరీక్ష చేయించుకుంది. మళ్ళీ లేదన్నారు. అయినా ఆమెకు అన్నం దిగలేదు. గది పోతే పొయ్యి పోతుంది. పొయ్యి పోతే డబ్బాలు పోతాయి. ఆ భయాల్లో కొత్త గది ఎవరిస్తారు?

జయంతీభాయ్ వచ్చింది పొద్దున, డబ్బాలు సర్దే వేళకే. రెండు మాస్కులు, వాటి మీద ముఖానికి ప్లాస్టిక్ తెర. లింగమూర్తి అప్పటికే షెడ్డుకు వెళ్ళిపోయాడు. విజయరాణి గుమ్మంలో నిలబడి నమస్కారం పెట్టిందో లేదో, ముక్కులో దురద మొదలైంది. పళ్ళు బిగించింది. దేవుళ్ళందరికీ మొక్కింది. అయినా తుమ్మింది. ఒకటి, దాని వెనకే ఇంకొకటి.

జయంతీభాయ్ ఒక్క అంగ వెనక్కి వేశాడు.

"ధూల్ హై, సేఠ్," అంది పైనుంచి పద్మిని, బట్టలు ఆరేస్తూ, తల కూడా తిప్పకుండా. లింగమూర్తితో హోరాహోరీ తిట్టుకున్న పద్మిని.

కింద దుకాణంవాడు తలెత్తి, అది ధూళేనని గుజరాతీలో చెప్పాడు. కిటికీ ఎడమ మూల అని ఎవరో అందించారు. డబ్బాలు ఎత్తుతున్న సాంబయ్య, ఆమెకు దుమ్ము పడదనీ, మిషను కూడా ఉందనీ, చలికాలం నుంచి ఆమె చేతి కూడే తింటున్నామనీ, షెడ్డులో ఒక్కడికి కూడా ఏమీ కాలేదనీ చెప్పి, మళ్ళీ తన పనిలో పడ్డాడు. ఎవరి గొంతులోనూ భయం లేదు. ఉన్నదల్లా విసుగు.

జయంతీభాయ్ ముఖంలో అంతకన్నా విసుగు కనిపించింది. "నాకు తెలుసమ్మా," అన్నాడు హిందీలో. "మీ మూర్తికాకా రోజూ ఫోనులో నా ప్రాణం తీస్తున్నాడు. నేను వచ్చిందే ఆ కిటికీ కోసం." వెనక నుంచి వడ్రంగి ఉలి, సుత్తి పట్టుకుని వచ్చాడు.

విజయరాణి గుమ్మంలోనే కూర్చుండిపోయింది. మూడు భాషల్లో చాటింపు, పెట్టె ఊరేగింపు, ఫోనులో తిట్లు అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. ఆమె తుమ్మిన ప్రతిసారీ ఆ మనిషి కోపంగా అరిచిన మాట ఒక్కటే: దుమ్ము. ఉధ్నా చెవులు చిల్లులు పడేదాకా అరిచాడు. డబ్బాలను నిలబెట్టింది పచ్చిపులుసు కాదన్నమాట. నిజం చెప్పాలంటే ఈ సంగతి ఆమెకు కొంచెం బాధగానే అనిపించింది.

సాయంత్రం ఆమె వజ్రమ్మ ఇంటికి వెళ్ళింది. లింగమూర్తి అప్పుడే వచ్చి చాయ్ తాగుతున్నాడు. పొయ్యి మీద మిరపకాయలు వేగుతున్నాయి. వజ్రమ్మ గట్టిగా తుమ్మింది. ఇంకోసారి తుమ్మింది. విచారణ జరుగుతుందని విజయరాణి ఎదురుచూసింది. లింగమూర్తి చాయ్ పక్కన పెట్టి, లేచి, పెళ్ళానికి నీళ్ళ చెంబు అందించి, వచ్చి మళ్ళీ కూర్చున్నాడు.

"చిన్నమ్మ తుమ్మితే ఏమనవా కాకా?" అని అడిగింది విజయరాణి.

వజ్రమ్మే జవాబు చెప్పింది.

"మిరపకాయల తుమ్ముకు నన్నెవడు ఖాళీ చేపిస్తడు బిడ్డా, ఈయన లొల్లి పెట్టనీకె? కరోనా రాకముందు ఈయనకు తుమ్ములతోటి ఏం పని? ఆ పక్క సందుల మనిషిని ఎళ్ళగొట్టిన కాడ్నుంచి ఈ పిచ్చి పట్టుకున్నది. దాచిపెట్టిన తుమ్ముకు జనం భయపడ్తరట. రోజు లొల్లి పెడితే ఇసుగొస్తది గని భయం కాదట. గదీ ఈయన లెక్క."

"నీకు నోరాగదా?" అని లింగమూర్తి భార్య మీద విరుచుకుపడ్డాడు. "లెక్క లేదు, గిక్క లేదు. దుమ్మును దుమ్మన్న. తప్పా?" తర్వాత, ఎవరి ముఖమూ చూడకుండా, వస్తూ కిటికీ చూశాననీ, ఆ వడ్రంగి వేసిన చట్రం ఏమాత్రం బాగాలేదనీ, మేకులు వంకరగా కొట్టాడనీ, జయంతీభాయ్‌కి ఇప్పుడే ఫోను చేస్తాననీ లేచి గ్యాలరీలోకి వెళ్ళిపోయాడు. విజయరాణి కృతజ్ఞతలు చెప్పాలని తెచ్చుకున్న మాటలన్నీ నోట్లోనే ఉండిపోయాయి.

మర్నాడు పొద్దున డబ్బాలకు మూతలు పెడుతుంటే ఆమెకు ముక్కు దురద పెట్టింది. అలవాటు కొద్దీ చేయి కొంగు మీదికి వెళ్ళింది. ఆగింది. మాస్కు సర్దుకుని, గ్యాలరీలోకి వచ్చి, పిట్టగోడ పట్టుకుని, ఇన్ని నెలలుగా లోపల దాచుకున్నదంతా తీరేలా ఒక్క తుమ్ము తుమ్మింది.

"ఎవలు తుమ్మింది?" అని పక్క గదిలోంచి గర్జన.

"నేనే కాకా," అని ఆమె అంతకన్నా గట్టిగా అరిచింది. "దుమ్ము!"

కింద సైకిలుకు డబ్బాలు తగిలిస్తున్న సాంబయ్య తలెత్తి కూడా చూడలేదు. ఈ రోజు పచ్చిపులుసు కొంచెం ఎక్కువ పోశావా అక్కా, పోరగాళ్ళు అడుగుతున్నారు అని మాత్రం అన్నాడు.